తెలుగు తరగతిలో ఏకఫలక కంప్యూటర్ - రాస్ప్‌బెర్రీ పై: ఒక పరిశీలన

ప్రాసెసర్, మెమొరీ, తీగలు తగిలించే ద్వారాలు అన్నీ ఒకే పలకపై అమరిన యంత్రం ఏకఫలక కంప్యూటర్. వీటిలో విద్యారంగంలో బాగా ప్రసిద్ధి పొందినది రాస్ప్‌బెర్రీ పై.

నేపథ్యం:
కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రానికి దరఖాస్తు చేసేవారి సంఖ్య, వారి ప్రోగ్రామింగ్ అనుభవం రెండూ తగ్గుతూ రావడాన్ని ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు గమనించారు. 1980లలో బ్రిటన్ పిల్లలు బీబీసీ మైక్రోను ఆన్ చేయగానే బేసిక్ భాష ఎదురయ్యేది. తరువాతి కాలపు కంప్యూటర్లు ఆ అవకాశాన్ని మరుగుపరిచాయి. ఈ లోటును పూరించడానికి రూపొందిన రాస్ప్‌బెర్రీ పై 2012 ఫిబ్రవరి 29న విడుదలైంది. అప్పట్లో మోడల్ బి ధర 35 డాలర్లు. మానిటర్, కీబోర్డు, మౌస్, విద్యుత్ అడాప్టర్, మెమొరీ కార్డు వేరుగా కొనాలి కాబట్టి పలక ధరను తరగతి ఖర్చుగా భావించడం పొరపాటు.

పొరపాటుకు వెసులుబాటు:
దీని అసలు ప్రయోజనం చౌకదనం కన్నా కార్డులో ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ సాధారణంగా మైక్రో ఎస్‌డి కార్డుపైనే ఉంటుంది. విద్యార్థి ఏది చెరిపినా, కార్డును మళ్లీ రాసుకుంటే యంత్రం మొదటి స్థితికి వస్తుంది. ప్రతి మార్పుకూ నిర్వాహకుని అనుమతి అడగవలసిన ప్రయోగశాలలో ఈ స్వేచ్ఛ దొరకదు. అయితే పనిమధ్యలో కరెంటు పోతే కార్డులోని సమాచారం చెడవచ్చు. కనుక నకలు కార్డులు దగ్గర ఉంచుకోవడం తప్పనిసరి.

ఛందస్సు బోధనలో:
తెలుగు ఫాంటు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమర్చుకుంటే పైథాన్ భాషలో ఛందోవిశ్లేషణ చేయించవచ్చు. 'స్త్రీ' ఛందస్సులో ఒకే అక్షరం, అదీ గురువు. దాని పొడవెంతో అడిగితే పైథాన్ 6 అని చెబుతుంది. యూనికోడ్‌లో మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడి దీర్ఘం విడివిడి సంకేతాలు కావడమే కారణం. అక్షరమంటే ఏమిటన్న ప్రశ్న విద్యార్థికి ఇక్కడే ఎదురవుతుంది.

తరువాతిది గణవిభజన. దీర్ఘాచ్చును మాత్రమే గురువుగా గుర్తించే ప్రోగ్రాము 'సత్యము'ను నగణమంటుంది. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందన్న సూత్రం చేర్చితే 'స' గురువై, భగణం వస్తుంది. సున్న, విసర్గ, పొల్లుల సూత్రాలను చేర్చడం ఇంతకన్నా సులభం. చిక్కు పదాల సరిహద్దులో వస్తుంది. సంస్కృత సమాసంలో ఉత్తరపదాదిలోని సంయుక్తాక్షరం పూర్వపదపు చివరి లఘువును గురువు చేస్తుంది. విడి తెలుగు పదాల మధ్య సాధారణంగా అలా చేయదు. పద్యంలో సమాసం ఎక్కడ ముగిసిందో లిపిసంకేతాలు చెప్పవు. అక్కడ విద్యార్థి ప్రోగ్రాము ఆపి, పద్యానికి అన్వయం చెప్పుకుని, ఆ సరిహద్దును తానే గుర్తించాలి.