మస్టర్‌లో కూలి ఒకటి, చేతికొచ్చింది ఇంకొకటి: ఈ లెక్క తేల్చిందెవరు?

గరివిడి నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో మన టాపిక్ పబ్లిక్ పాలసీలో పీహెచ్‌డీ. ఎవరికో డాక్టరేట్ వచ్చింది, పరిశోధనకి అవార్డు వచ్చింది అని వాట్సాప్‌లో ఫొటో వస్తుంది. శాలువా, బొకే, సర్టిఫికెట్ ఉంటాయి. మనం కంగ్రాట్స్ అని పెట్టేసి పైకి తోసేస్తాం. అసలు ఆయన అడిగిన ప్రశ్న ఏంటి, దాంతో మన ఇంటికి పనేంటి అని మాత్రం చూడం. ఇవాళ అదే చూద్దాం.

ముందు పబ్లిక్ పాలసీ అంటే ఏంటో చెప్పుకుందాం. ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంటుంది, డబ్బు కేటాయిస్తుంది. అది కాగితం మీద ఉన్నట్టే జనం దగ్గరికి చేరిందా? చేరకపోతే ఎక్కడ ఆగింది? దాన్ని కొలిచి చూపించేదే ఈ పరిశోధన. "అంతా దోచేస్తున్నారండీ" అని టీకొట్టు దగ్గర ఎవరైనా అంటారు. ఎంత, ఎక్కడ, ఎలా అని లెక్క తేల్చడమే కష్టం.

మన పక్కనే జరిగిన ఒక పరిశోధన చెప్తాను. 2007 మే 1 నుంచి ఒడిశాలో ఉపాధి హామీ రోజు కూలి 55 రూపాయల నుంచి 70 రూపాయలకి పెరిగింది. పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఇద్దరు అప్పటికి హార్వర్డ్‌లో పీహెచ్‌డీ విద్యార్థులు. వాళ్ల ప్రశ్న చాలా చిన్నది: పెరిగిన ఆ 15 రూపాయలు ఎవరి జేబులోకి వెళ్లాయి?

దీనికోసం మన సరిహద్దుకి ఆనుకుని ఉన్న గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలు ఎంచుకున్నారు. ఎవరు ఎన్ని రోజులు పని చేశారు, ఎంత కూలి ఇచ్చారు అన్న సర్కారు రికార్డు ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించేదే. అది దించుకున్నారు. తర్వాత ఆ పేర్లున్న ఇళ్లకే వెళ్లి, "మీరు ఎన్ని రోజులు చేశారు, చేతికి ఎంత వచ్చింది" అని అడిగించారు. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టారు. రికార్డులో కూలి పెరిగింది. కూలీ చేతిలో మాత్రం పెరిగింది దాదాపు ఏమీ లేదు.

ఇక్కడ ఒక తేడా పట్టుకోండి. పథకం మొత్తంలో ఎంత పోతోంది అన్నది ఒక ప్రశ్న. కొత్తగా పెంచిన రూపాయిలో ఎంత పోతోంది అన్నది ఇంకో ప్రశ్న. రేటు పెంచేటప్పుడు మనకి కావాల్సింది రెండోది. దారిలో చిల్లు పూడ్చకుండా నీళ్లు ఎక్కువ వదిలితే మడికి చేరవు కదా, అలాగన్నమాట.

మరి చిల్లు పూడ్చడం ఎలా? ఇప్పుడు కథ మన జిల్లాకి వస్తుంది. ఆ ఇద్దరూ 2009లో డాక్టరేట్ పూర్తి చేశాక, హార్వర్డ్‌లోనే పీహెచ్‌డీ చేసిన కార్తీక్ మురళీధరన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో స్మార్ట్‌కార్డు మీద పని చేశారు. అంతకుముందు ఉపాధి డబ్బులు ఎక్కువగా పోస్టాఫీసు నుంచి వచ్చేవి. స్మార్ట్‌కార్డుతో ఊళ్లోనే వేలిముద్ర వేసి తీసుకునే వీలు కలిగింది. 2010 నుంచి 2012 దాకా ఎనిమిది జిల్లాల్లో దీన్ని పరీక్షించారు, అందులో విజయనగరం ఒకటి.

ఏ మండలానికి ముందు ఇవ్వాలో లాటరీతో తేల్చారు. ఎందుకంటే, ఉదాహరణకి రోడ్డు, రైలు ఉన్న గరివిడికి ముందు ఇచ్చి, కొండ మీద మండలానికి తర్వాత ఇచ్చారనుకోండి. ఫలితం బాగుంటే అది కార్డు గొప్పా, రోడ్డు గొప్పా? చెప్పలేం. లాటరీ వేస్తే రెండు వైపులా అన్ని రకాల మండలాలూ పడతాయి. అప్పుడు కనిపించే తేడా కార్డు వల్లే అని నమ్మొచ్చు. మొత్తం 157 మండలాలు, సుమారు 1 కోటి 90 లక్షల జనాభా.

కార్డు వచ్చిన మండలాల్లో ఉపాధి డబ్బు త్వరగా చేరింది. తీసుకోవడానికి పట్టే సమయం సుమారు 20 శాతం తగ్గింది. మధ్యలో మాయమయ్యే డబ్బు సుమారు 41 శాతం తగ్గింది. ప్రభుత్వం ఖర్చు పెరగలేదు, కూలీల సంపాదన మాత్రం 24 శాతం పెరిగింది.

అయినా ఈ కార్డు ఆగిపోయేదే. దీనివల్ల నష్టపోయేవాళ్ల ఫిర్యాదులు పైదాకా వెళ్లాయి. లాభపడిన కూలీల మాట అక్కడిదాకా చేరలేదు. వాళ్లని అడిగితే 90 శాతం దాకా కార్డే మేలన్నారు. ఆ లెక్క అధికారుల ముందుకి వచ్చాక పథకం నిలబడింది. గుప్పెడు మంది గట్టిగా అరిస్తే అదే జనాభిప్రాయం అనిపిస్తుంది. లెక్క తీస్తేనే మిగతావాళ్లు కనపడతారు.

అలాగని మెషీన్ పెడితే చాలనుకోకండి. ఈ ముగ్గురే తర్వాత జార్ఖండ్ రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేయడాన్ని పరిశీలించారు. అక్కడ దానివల్ల లీకేజీ తగ్గలేదు. ఆధార్ లింకు కాని కుటుంబాలకి అందేది సగటున 10 శాతం తగ్గింది. మన దగ్గర కార్డు లేనివాళ్లకి పాత పద్ధతిలో ఇవ్వడం ఆపలేదు. వేలిముద్ర రెండు చోట్లా ఉంది, రూలే వేరు.

ఇలా పల్లెల్లో ప్రయోగాలు చేసి పేదరికాన్ని అర్థం చేసుకునే పద్ధతికే 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్‌లకి ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. పెద్ద అవార్డే. కానీ దాని వెనక ఉన్న పని, ఇంటింటికీ వెళ్లి "చేతికి ఎంత వచ్చింది" అని అడగడమే.

కాబట్టి ఈసారి అవార్డు ఫొటో వస్తే మూడు విషయాలు చూడండి. ఏం అడిగారు? దేంతో పోల్చారు? ఎవరిని అడిగారు? డిగ్రీ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లైతే మీ ఊళ్లో ఏదో ఒక పథకం తీసుకోండి. రికార్డు ఫోన్‌లో చూడండి, తర్వాత పది ఇళ్లకి వెళ్లి అడగండి. రెండు లెక్కలూ కలవకపోతే మీకు ఒక మంచి ప్రశ్న దొరికినట్టే. ఏం దొరికిందో కామెంట్‌లో రాయండి. మనుషుల పేర్లు మాత్రం పెట్టకండి. ఉంటాను మరి.