వేగం ఉంది... మరి ఈ ఆలస్యమేంటి?

హైదరాబాద్‌లో 2017లోనే ఇళ్లకు 1 జీబీపీఎస్‌ ఇంటర్నెట్‌ వచ్చేసింది. హైటెక్‌సిటీ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో వేగానికి కొదవలేదు. అయినా అమెరికాలోని అబ్బాయితో వీడియోకాల్‌లో మాట్లాడుతుంటే మాటలు తెగిపోతాయేం?

సెకనుకి ఎంత సమాచారం వస్తుందన్నది వేగం. కబురు వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం వేరు. అదే పింగ్‌. కంప్యూటర్లో కమాండ్‌ ప్రాంప్ట్‌ తెరిచి, ‘పింగ్‌’ పక్కన రూటర్‌ చిరునామా కొట్టండి (చాలా రూటర్ల అడుగున రాసే ఉంటుంది). అయిదారు మిల్లీసెకన్లలో జవాబొస్తే వైఫై బాగున్నట్టే. వందలు చూపిస్తే లోపం ఇంట్లోనే... ముందు రూటర్‌ని బీరువా వెనక నుంచి తీయండి!

తర్వాత గూగుల్‌ వారి 8.8.8.8ని పింగ్‌ చేయండి. పిల్లలు వీడియోలు అప్‌లోడ్‌ చేస్తున్నప్పుడూ చూడండి, అసలు రంగు అప్పుడే బయటపడుతుంది. అమెరికాకి మాత్రం వంద మిల్లీసెకన్లు దాటక తప్పదు. గాజుతీగలో కాంతి సెకనుకు వెళ్లేది సుమారు 2 లక్షల కిలోమీటర్లే మరి!