జారాలి, ఆ తర్వాతే పట్టాలి

"క్లచ్ ప్లేటుకు పళ్ళు పెడితే జారదు కదా సార్, ఎందుకు పెట్టరు?" అని పాలిటెక్నిక్ తరగతిలో ఒకమ్మాయి అడిగింది. క్లచ్ గురించి ఇంతకంటే మంచి ప్రశ్న నేను వినలేదు. ఇంజన్ నిమిషానికి వెయ్యిసార్లకు పైగా తిరుగుతోంది, బండి నిలబడి ఉంది. ఈ రెంటినీ పళ్ళతో కలిపితే ఇంజన్ ఆగిపోవాలి, లేదా ఏదో ఒకటి విరగాలి. వేగాల్లోని ఆ తేడా తీరేదాకా ప్లేటు జారి తీరాలి. ఇంజన్ వేగం మారకుండా ఉండి, వేరే అడ్డేమీ లేదనుకుంటే, బండికి ఎంత చలనశక్తి అందుతుందో సరిగ్గా అంతే శక్తి ప్లేటు దగ్గర వేడిగా మారుతుంది. బండి కదిలిన ప్రతిసారీ చెల్లించక తప్పని సుంకం అది. ఎంత మంచి ప్లేటు వేసినా తగ్గదు.

ఈ సంగతి కళ్ళకు కట్టినట్టు కనిపించే యంత్రం పాత కబ్ క్యాడెట్ గార్డెన్ ట్రాక్టర్. అమెరికాలో పెద్ద పెరళ్ళున్న ఇళ్ళవాళ్ళు గడ్డి కోయడానికీ, మంచు తోయడానికీ వాడే చిన్న బండి. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ దీన్ని లూయీవిల్ ఫ్యాక్టరీలో చేసేది. దీనికి పోటీ సౌత్ బెండ్‌కు చెందిన వీల్ హార్స్. అందులో క్లచ్ అంటే ఒక వి-బెల్టు, ఒక ఐడ్లర్ పుల్లీ. పెడల్ తొక్కితే బెల్టు వదులై జారుతుంది, వదిలితే బిగుస్తుంది. చవక, సులువు, ఎవరైనా మార్చుకోవచ్చు. హార్వెస్టర్ తొలి మోడల్లోనూ ఇంజన్ నుంచి షాఫ్టుకు బెల్టే ఉండేది. 1963లో వచ్చిన 70, 100 మోడళ్ళలో దాన్ని తీసేసి, పెద్ద ట్రాక్టర్లలోలాగా నేరుగా షాఫ్టు, దాని మీద ప్లేటు క్లచ్ పెట్టారు. రెండు పక్షాలకూ ఇప్పటికీ వీరాభిమానులున్నారు. నాది షాఫ్టు పక్షం.

విప్పితే కనిపించే అమరిక అందంగా ఉంటుంది. మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్లో ఫ్లైవీల్, ప్రెజర్ ప్లేటు ఇంజన్‌తో తిరుగుతాయి, మధ్యలోని క్లచ్ ప్లేటు గేర్‌బాక్సు షాఫ్టుది. ఇక్కడ తలకిందులు. ఇంజన్ చివర మూడు పిన్నులున్న డ్రైవరు ఉంటుంది. ఫ్రిక్షన్ ప్లేటుకున్న మూడు రంధ్రాలు ఆ పిన్నుల మీద ముందుకూ వెనక్కూ జరుగుతాయి. దానికి అటూ ఇటూ ఉన్న రెండు ప్రెజర్ ప్లేట్లు షాఫ్టువి. వాటిని ఒక బలమైన స్ప్రింగు నొక్కి ఉంచుతుంది.

లెక్క వేద్దాం. 70 మోడల్ ఇంజన్ 7 హార్స్ పవర్. నిమిషానికి 3600 చుట్ల దగ్గర టార్కు సుమారు 14 న్యూటన్ మీటర్లు. ప్లేటు సగటు వ్యాసార్థం 4 సెంటీమీటర్లు, ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, ఒకే ముఖం పట్టాలంటే స్ప్రింగు దాదాపు 120 కిలోల బలంతో నొక్కాలి. రెండు ముఖాలూ పడితే 60 కిలోలు చాలు. పెడల్ మీద కాలికి ఆ మేరకు భారం తగ్గింది. ప్లేటు వెడల్పు పెంచితే అరుగుదల తగ్గుతుందేమో గానీ పట్టు పెరగదు. పట్టు పెంచేవి స్ప్రింగు బలం, వ్యాసార్థం, ముఖాల సంఖ్య. నూనె పడి గుణకం 0.1కి దిగిందంటే అదే స్ప్రింగు 5 న్యూటన్ మీటర్లయినా మోయలేదు. ఇంజన్ గర్జిస్తుంది, బండి కదలదు. ఆయిల్ సీలు సంగతి చూడకుండా ప్లేటు మారిస్తే డబ్బు దండగ.

అందుకే రోగం వెతికేటప్పుడు నేను మొదట ఒకటే చూస్తాను: పట్టాల్సినప్పుడు జారుతోందా, వదలాల్సినప్పుడు పడుతోందా? జారుతుంటే ముందు ఫ్రీ ప్లే చూడాలి. రిలీజ్ లీవరుకూ బేరింగుకూ మధ్య సుమారు 1.25 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అది లేకపోతే పెడల్ తొక్కకపోయినా లీవరు స్ప్రింగును కొంత అణిచే ఉంచుతుంది. దమ్ము చేస్తూ పెడల్ మీద కాలు ఆనించి తోలే డ్రైవరు చేసేదీ అదే పని. ప్లేటు కమురు వాసన అక్కణ్ణించే వస్తుంది.

వదలకపోవడం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పెడల్ పూర్తిగా తొక్కినా గేరు కరకరమంటుంది. ఖాళీ మరీ ఎక్కువైతే ఇలా అవుతుంది. అది సరిగ్గానే ఉంటే మూడు పిన్నులూ చూడాలి. ఏళ్ళ తరబడి ప్లేటు ఒకే చోట కొట్టుకుని పిన్నుల మీద గాడి పడుతుంది. ప్లేటు ఆ గాడిలో ఇరుక్కుని పక్కకు జరగదు. స్ప్రింగు వదిలినా ప్లేటు వదలదు. కొత్త ప్లేటు వేసి పాత డ్రైవరే ఉంచేస్తే జబ్బు మళ్ళీ మొదటికొస్తుంది.

పెడల్ తొక్కి పట్టినప్పుడే కీచుమంటే అనుమానించాల్సింది షాఫ్టు ముందు కొనకున్న బుష్‌ను. షాఫ్టు ఆగి డ్రైవరు తిరిగేది అప్పుడే కాబట్టి, అది ఒరుసుకునేదీ అప్పుడే. బండి కదిలేటప్పుడు వణికితే ప్లేటు ముఖం చూడాలి. నిలిచి ఉన్నప్పటి ఘర్షణ జారేటప్పటి దానికంటే ఎక్కువ కావడంతో ప్లేటు పట్టి, వదిలి, మళ్ళీ పడుతుంది. ముఖం నున్నగా అద్దంలా మెరుస్తుంటే మార్చడమే. ఆ కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ కలిపేవారు, కాబట్టి ఆ దుమ్మును గాలితో ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి.

1965లో 123 మోడల్ హైడ్రోస్టాటిక్ డ్రైవ్‌తో వచ్చింది. గేర్లు మార్చే పని పోయి, వేగాన్ని నూనె ప్రవాహమే అదుపు చేసింది. 1981లో కబ్ క్యాడెట్ వ్యాపారాన్ని ఎం.టి.డి. కొనుక్కుంది, 1986లో వీల్ హార్స్‌ను టోరో కొనుక్కుంది. మూడు పిన్నుల క్లచ్ ఉన్న పాత బండ్లు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి. వాటికి ప్లేట్లు, డ్రైవర్లు, బుష్‌లు కొత్తగా చేసి అమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.