చతికిలబడిన చోటి గుర్తు

ఆంగ్ల నిఘంటువులలో 'సిట్స్‌మార్క్' అను పదమొకటి కలదు. జర్మనులో 'సిట్సెన్' అనగా కూర్చుండుట. 'మార్కె' అనగా గుర్తు. స్కీలనెడి పొడుగు పలకలను కాళ్లకు బిగించుకొని మంచువాలుపై జారువాడు వెనుకకు పడినప్పుడు ఏర్పడు గుంటకిది పేరు. మన 'చతికిలబడుట'కు ముద్ర పడినదన్నమాట!

పేరు నవ్వు పుట్టించినను గుంట ప్రమాదకరము. వెనుక వేగముగా వచ్చువాని పలక అందులో దిగబడినచో కాలు విరుగవచ్చును. కావున పడినవాడు లేచి, తన గుంటను తానే పూడ్చి, మంచును త్రొక్కి గట్టిపరచి గాని కదలరాదనుట ఆటమర్యాద.

1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించి నిర్బంధించిన ఆర్ల్‌బర్గు గురువు హానెస్ ష్నైడర్ 1939లో అమెరికా చేరెను. ఇట్టి ఆల్ప్స్ గురువుల వెంట జర్మను మాటలెన్నో ఆంగ్లమున ప్రవేశించినవి. నేడు యంత్రములు జారుడుబాటలను చదునుచేసి గట్టిపరచుచున్నవి. గుంటతోపాటు మాటయు అరుదైనది.