దీపం నిలిచిన రాజధాని శ్రీముఖలింగం

వంశధారా తీరాన, శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో వెలసిన శ్రీముఖలింగం నేడు చూడబోతే ఒక ప్రశాంతమైన పల్లె. అయితే ఈ నేలపై పాదం మోపేటప్పుడు మీరు ఒక మహానగరంలో ప్రవేశిస్తున్నారని మరువకండి. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదే. ఆ సంగతిని శాసనాధారాలతో నిరూపించిన మహనీయుడు వ్యావహారిక భాషోద్యమ పితామహుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులు. 1863లో ఆయన జన్మించిన పర్వతాలపేట కూడా ఈ పరిసరాల్లోనిదే.

ఊరి మొదట సోమేశ్వరాలయం మీకు స్వాగతం పలుకుతుంది. ముఖమండపం లేని ఆ ఒంటరి ఆలయ శిఖరం కళింగ శిల్పరీతికి చక్కని ఉదాహరణ. నిరాడంబరమైన భీమేశ్వరాలయం మరొకటి. ప్రధానమైనది మధుకేశ్వరాలయం. 'మధూకం' అంటే ఇప్పచెట్టు. ఇప్పపూల కోసం తగవు రాగా శబర నాయకుడు చెట్టును నరికించబోయాడనీ, ఆ మొదలులో పరమేశ్వరుడు ముఖం చూపి సాక్షాత్కరించాడనీ స్థలపురాణం. అడవిబిడ్డలు కొలిచిన స్వామికి చక్రవర్తులు గుడి కట్టించారన్నమాట!

పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకొన్న అనంతవర్మ చోడగంగదేవుని కాలంలో, 12వ శతాబ్దంలో, రాజధాని కటకానికి తరలిపోయింది. సైన్యాలు వెళ్లిపోయాయి. రాజభవనాలు మట్టిలో కలిశాయి. కానీ స్వామి కదలలేదు. నిత్యార్చన నేటికీ సాగుతూనే ఉంది.

ఆలయంలో స్తంభాలనూ గోడలనూ ఒక్కసారి శ్రద్ధగా పరికించండి. అక్కడి శాసనాల్లో అనేకం అఖండదీపాల కోసం చేసిన దానాలకు సంబంధించినవే. రాజకుటుంబీకులతోపాటు అధికారులు, ఇతర భక్తులు కూడా దీపం కొండెక్కకూడదని ధనాన్ని సమర్పించారు. కోటలు కట్టినవారి కోటలు లేవు. దీపం పెట్టినవారి పేర్లు మాత్రం రాతిపై నిలిచాయి.

అందుకే ఒక్క విన్నపం. శిల్పాలకూ శాసనాలకూ పసుపుకుంకుమలు పూయకండి, నూనె రాయకండి, గోడల చెంత కర్పూరం వెలిగించకండి. నూనె జిడ్డులో అక్షరం మరుగునపడితే, నాటి దాత పుణ్యకథ మన చేతులతో మనమే చెరిపినట్లవుతుంది. మీ దీపాన్ని నిర్ణీత స్థలంలోనే వెలిగించండి.

శ్రీకాకుళం నుంచి సుమారు 46 కిలోమీటర్ల దూరం. మహాశివరాత్రికి ఒడిశా నుంచి కూడా భక్తులు తరలివస్తారు. తీరిగ్గా శిల్పదర్శనం చేయగోరేవారు మామూలు రోజున, ఉదయమే బయలుదేరడం మంచిది. వంశధారలో పాదాలు కడుగుకొని, మధుకేశ్వరుని దర్శించి తరించండి.