వెన్నుపాము గాయం – నేటి పరిశోధనలు

కుసుమంచి పరిసరాలలో ఏ చెరువుకట్ట మీద నిలిచి చూచినా తాటిచెట్ల వరుసలు కానవస్తాయి. ఆ చెట్లనెక్కి కల్లు గీచి జీవించే కుటుంబాలు ఈ ప్రాంతంలో అనేకం. మోకు జారినా, పాదం పట్టు తప్పినా మనిషి అంత ఎత్తునుండి నేలపై పడతాడు. కొందరు అక్కడనే మరణిస్తారు. కొందరు బ్రతుకుతారు గాని కాళ్ళలో చలనముండదు. ఊరివారు దానిని “నడుము పడిపోవడం” అంటారు. నిజానికి చెడినది నడుము కాదు, దానిలోని వెన్నుపాము. తెలుగు బోధించే నాకు ఈ విషయంతో పనియేమని పెద్దలు ఆక్షేపింపవచ్చును. ఇట్టి ఇండ్లను చూచినవాడను గనుక వ్రాస్తున్నాను.

వెన్నుపాము మెదడు నుండి దిగివచ్చే నరముల కట్ట. ఉర్దూలో దీనిని ‘హరామ్ మగ్జ్’ అంటారు. మగ్జ్ అంటే మెదడు. వెన్నెముక ఎముకల నడుమ సుమారు 45 సెంటీమీటర్ల పొడవున, చిటికెన వ్రేలంత లావున ఉండే ఈ త్రాడు నుండి 31 జతల నరములు శరీరమంతటికి పోతాయి. ఈ నరములను ప్రాంతముల వారీగా జతలు జతలుగా ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో వేయేండ్ల క్రిందటనే వర్ణించినాడు. మెడవద్ద దెబ్బ తగిలితే చేతులు, కాళ్ళు రెండును పోతాయి. మరికొంత పైన తగిలితే శ్వాసయే నిలిచిపోవచ్చును. నడుము వద్ద తగిలితే కాళ్ళతోపాటు మలమూత్రములపై అదుపు పోతుంది. ఈ రెండవ కష్టాన్ని గురించి రోగి సిగ్గుచేత ఎవరికీ చెప్పుకొనడు.

గాయం పడిన క్షణంతోనే ముగియదు. తరువాతి గంటలలో, దినములలో వాపు వచ్చి, రక్తప్రసారం తగ్గి, మిగిలిన కణములు కూడ నశిస్తాయి. అందువలన మొదటి గంట మిక్కిలి విలువైనది. మన ఊళ్ళలో పడినవానిని నలుగురు కాళ్ళు చేతులు పట్టి ఎత్తి ఆటోలో మడిచి కూర్చుండబెడతారు. ప్రేమతోనే చేస్తారు, కాని విరిగిన ఎముక అప్పుడే వెన్నుపామును కోసివేయవచ్చును. మెడను, నడుమును వంచకుండ, శరీరమంతటిని ఒక్కసారిగా వెడల్పైన చెక్కపైకి చేర్చాలి. 108 వాహనం వచ్చేవరకు కదపకుండ ఉంచడం ఇంకను మేలు. 2024లో తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీత కార్మికులకు భద్రతా పరికరముల పంపిణీని ప్రారంభించినది. పడకుండ చేసే ఏర్పాటు కనుక దీనిని మొదట పేర్కొనదగును.

సుమారు 3,600 ఏండ్లనాటి ఈజిప్టు వైద్యపత్రం ఒకటి ఈ గాయమును చికిత్స చేయరానిదిగా పేర్కొన్నది. రెండవ ప్రపంచయుద్ధం వరకు ఆ తీర్పే నిలిచినదనవచ్చును. పడక పుండ్లతో, మూత్రకోశ వ్యాధులతో అధికులు మరణించేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు రోగులను వేళ తప్పక ప్రక్కకు త్రిప్పించి, మూత్రం నిలువకుండ చూచి, వ్యాయామం చేయించి, ఆటలాడించినాడు. మందు కొత్తది కాదు, శ్రద్ధ కొత్తది.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ, మన ప్రాంతాల రోగులు ఎందరో పోయే వెల్లూరులో ఉన్నది. డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని కాళ్ళను కోల్పోయినారు. చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసినారు. విదేశములలో శిక్షణ పొంది వచ్చి, 1966లో అచ్చట పునరావాస కేంద్రమును నెలకొల్పినారు. 1972లో పద్మశ్రీ పొందినారు. ఆమె కాళ్ళు మాత్రం తిరిగి రాలేదు.

ఇక పరిశోధనల మాట. చేతిలోని నరం తెగితే దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరుగుతుంది. వెన్నుపాములో అట్లు పెరుగదు. 1981లో కెనడాలో ఆల్బర్ట్ అగ్వాయో బృందం కాలి నరపు ముక్కను అతికించి, వెన్నుపాము కణములకు కూడ పెరిగే శక్తి ఉన్నదని, పరిసరములే అడ్డుపడుతున్నవని చూపినది. ఆ అడ్డును తొలగించే ప్రయత్నములు నాటినుండి సాగుతూనే ఉన్నవి. మరొక మార్గం విద్యుత్తు. 2023లో స్విట్జర్లాండులోని లోజాన్ శాస్త్రవేత్తలు ఒక డచ్చి వ్యక్తి మెదడులోని సంకేతములను యంత్రం ద్వారా గ్రహించి, గాయమునకు దిగువనున్న వెన్నుపామునకు అందించినారు. పండ్రెండేండ్ల క్రిందట గాయపడిన అతడు ఊతకర్రలతో నడిచినాడు. చర్మముపై నుండియే విద్యుత్తు నిచ్చి చేతి పట్టును మెరుగుపరచే పరికరమునకు 2024 డిసెంబరులో అమెరికా అనుమతి లభించినది. ఇవి కొందరికి, కొంతమేరకు ఉపకరించేవి. ఎవరికీ పూర్ణ ఆరోగ్యం ఇచ్చినవి కావు.

మూలకణముల విషయంలోనే మోసం ఎక్కువ. 2010లో అమెరికాలో జెరాన్ సంస్థ పిండ మూలకణములతో మొదటి మానవ ప్రయోగం ఆరంభించి, మరుసటి ఏడే ధనాభావంచేత విరమించినది. తరువాతి ప్రయోగములు సాగుతున్నవి. భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి మార్గదర్శకములలో, కొన్ని రక్తసంబంధ వ్యాధులకు తప్ప, మూలకణములను చికిత్సగా వాడరాదని, ప్రయోగమైతే రోగి నుండి రుసుము తీసుకొనరాదని నిర్దేశించినది. అయినను నేనెరిగిన ఒక కుటుంబం ఎకరం పొలం అమ్మి, ఒక నగరంలో మూడు సూదులు వేయించినది. కాళ్ళు కదలలేదు. ఆ సొమ్ములో కొంతతో మెత్తని పరుపు, చక్రాల కుర్చీ, గడపకు వాలుదారి అమరేవి. అతడు ఇప్పటికిని వాకిట నులకమంచం మీదనే ఉన్నాడు. పుండ్లు కట్టకుండ రెండు గంటలకొకసారి తల్లి అతనిని ప్రక్కకు త్రిప్పుతుంది.