చెరిపేసిన చేతులు

తెల్లవారుజాము అయిదున్నర. డుంబ్రిగుడ నుంచి పాడేరు వెళ్ళే రోడ్డు పక్కన ఒక వలిసె చేను. చేను అన్నానే గానీ కళ్ళకు కనిపిస్తున్నది మంచే. నవంబరు నెల. ఆ మంచులో ఒక అమ్మాయి చేతుల్లేని ఎర్ర గౌను వేసుకుని, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే ఆపుకుంటూ నవ్వుతోంది. ఇంకో నెలలో పెళ్ళి. పక్కన కాబోయే పెళ్ళికొడుకు సూటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. స్టైలు కోసం కాదు, చలికి.

గౌనుకు వెనక నాలుగు మీటర్ల తోక. అది గాలిలో రెక్కలా లేవాలి. లేపడానికి గాలి లేదు. అందుకని గాలి చెయ్యాల్సిన పని ఒక కుర్రాడు చేస్తున్నాడు.

"ఒరే, విసిరెయ్... పడుకో!" అని కెమెరా వెనక నుంచి కేక. కుర్రాడు గుడ్డ అంచు పట్టుకుని పైకి విసిరి, మరుక్షణం చేలో బోర్లా పడిపోతాడు. క్లిక్. గుడ్డ తడిసిన దుప్పటిలా కిందికి దిగింది. మళ్ళీ. ఈసారి బాగా లేచింది గానీ కుర్రాడి మోచెయ్యి ఫోటోలో పడింది. మళ్ళీ. ఈసారి అమ్మాయి కళ్ళు మూసేసింది. పదిహేడు దాకా లెక్కపెట్టి నేను వదిలేశాను. కారు డ్రైవరు వెండిరంగు రిఫ్లెక్టరు ఎత్తి పట్టుకుని మాటిమాటికీ చేతులు మార్చుకుంటున్నాడు. మేకప్ చేసే ఆవిడ శాలువా విప్పి పట్టుకుని, 'బ్రేక్' అనే మాట కోసం చూస్తోంది. గట్టు మీద చేను రైతు దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. కుర్రాడు పడ్డప్పుడల్లా వాడి కింద నలిగే మొక్కల వంక చూస్తున్నాడు.

"ఆ పడ్డ చోటే పడు బాబూ. కొత్త చోట పడకు," అన్నాడు చివరికి.

ఇంతమందిలో ఫోటోలో ఉండబోయేది ఇద్దరే.

అరకు లోయకు పదిహేను కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న ఈ డుంబ్రిగుడ మండలం ఫోటోగ్రాఫర్లకు ఆరుబయటి స్టూడియో. అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా వలిసె పూలు, అంతకు మించి చలికాలం పొడుగునా మంచు, ఏడాది పొడుగునా చాపరాయి గెడ్డ. విశాఖపట్నం నుంచి అరకుకే రమారమి 115 కిలోమీటర్ల ప్రయాణం, అందులోనూ ఘాట్ రోడ్డు కాబట్టి, జట్లు ముందురోజు సాయంత్రమే వచ్చి దిగుతాయి. వలిసెలు మాత్రం ఫోటోల కోసం వేసిన పూలు కావు. నూనె గింజ పంట. వర్షాధారం మీద, పెద్దగా పెట్టుబడి లేకుండా, ఆదివాసీ రైతు మెట్ట చెక్కలో పండించుకునే పంట. పువ్వు మీద తేనెటీగ వాలాలి, గింజ కట్టాలి, ఎండాలి, కోయాలి, కొట్టాలి. మొక్క విరిగితే ఆ మేరకు గింజ పోయినట్టే. పర్యాటకులు పడి తొక్కడం మొదలయ్యాక కొందరు రైతులు చేనుకు తాడు కట్టి, దిగేందుకు మనిషికింత అని తీసుకుంటున్నారు. "పూలు చూడ్డానికి కూడా డబ్బులా?" అని నిష్ఠూరమాడేవాళ్ళను విన్నాను. అదే మనిషి నగరంలో స్టూడియో ఫ్లోరుకు గంటల లెక్కన అద్దె కడతాడు. అక్కడ తొక్కితే పాడయ్యేది ఏమీ ఉండదు కూడా.

మంచు సంగతి చూద్దాం. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల చల్లబడుతుంది. బరువైన చల్లగాలి కొండల మీది నుంచి లోయలోకి జారి అక్కడే నిలుస్తుంది. అందులోని తడే తెల్లారేసరికి మంచు. ఎండ ఎక్కితే కరిగిపోతుంది. అంటే ఫోటోగ్రాఫరుకు నిజంగా పనికొచ్చేది, మంచు ఇంకా ఉండగా ఎండ దాన్ని చీల్చుకుని వచ్చే ఆ కాసేపే. అంతకు ముందు అంతా బూడిద. ఆ తర్వాత మామూలు పగలు. ఆ కాసేపట్లో గౌను తోక లేవాలి, కళ్ళు తెరిచి ఉండాలి, మోచెయ్యి దాక్కోవాలి. మబ్బు పట్టిందా, రేపు మళ్ళీ రావాలి. లాడ్జిలో ఇంకో రాత్రి, జట్టుకు ఇంకో రోజు కూలి.

ఆ కుర్రాడు అన్నిసార్లు పడుతుంటే నాకు సాల్వడార్ డాలీ పిల్లులు గుర్తొచ్చాయి. 1948లో అమెరికాలో ఫిలిప్ హాల్స్‌మన్ అనే ఫోటోగ్రాఫరు ఆ చిత్రకారుడితో ఒక చిత్రం తలపెట్టాడు. డాలీ గాల్లో ఉండాలి, మూడు పిల్లులు గాల్లో ఉండాలి, బకెట్టు నీళ్ళు గాల్లో వంపు తిరగాలి, కుర్చీ నేలకు ఆనకూడదు. బొమ్మలను, ఈజిల్‌ను సన్నటి తీగలతో వేలాడదీశారు. సహాయకులు లెక్కపెట్టి పిల్లుల్ని విసిరేవారు, నీళ్ళు చిమ్మేవారు, డాలీ ఎగిరేవాడు. తర్వాత పిల్లుల్ని పట్టుకొచ్చి తుడవడం, నేల తుడవడం, మళ్ళీ మొదలు. 28 సార్లు, సుమారు ఆరు గంటలు. 'డాలీ అటామికస్' అని లోకమంతా చూసిన ఆ ఫోటోలో తీగలుండవు. టచింగు చేయని ప్రింటు కూడా బయట ఉంది. అందులో తీగలు కనబడతాయి, ఈజిల్ మీద చట్రం ఖాళీగా ఉంటుంది, కుర్చీ పట్టుకుని ఒక చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి హాల్స్‌మన్ భార్య ఇవాన్‌ది. చెరపని ప్రింటే నాకు ఎక్కువ నచ్చుతుంది. అందులో ఒక ఇల్లు ఇల్లంతా పనిచేస్తున్నట్టు ఉంటుంది.

అంతకు చాలా ముందే తల్లులు ఇలా మాయమయ్యారు. పందొమ్మిదో శతాబ్దంలో ఫోటో పడాలంటే కొన్ని సెకన్ల పాటు కదలకూడదు. చంటిపిల్లలు ఆగరు కదా. అందుకని తల్లి మీద దుప్పటి కప్పి, కుర్చీలా కూర్చోబెట్టి, ఆమె ఒళ్ళో బిడ్డను పెట్టి తీసేవారు. ఇప్పుడు ఆ పాత ఫోటోలు చూస్తే బిడ్డ కంటే ముందు ఆ దుప్పటి కింది మనిషే కంటపడుతుంది.

మన దగ్గర ఈ విద్యకు పెద్ద బడి సినిమా. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో లాహిరి పాటకు కాసిన వెన్నెల చంద్రుడిది కాదు, మార్కస్ బార్ట్‌లీది. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరెళ్ళడానికి ఎంతమంది ఎంతసేపు కదలకుండా నిలబడాల్సి వచ్చిందో ఆ సన్నివేశం చూసి నవ్వేవాళ్ళకు పట్టదు, పట్టకూడదు కూడా. 1961 నాటి 'సీతారామ కల్యాణం'కు ట్రిక్ ఫోటోగ్రఫీ చేసిన రవికాంత్ నగాయిచ్ కాలంలో కంప్యూటరు లేదు. ఫ్రేములో కొంత భాగం మూసి ఒకసారి తియ్యడం, ఫిలిం వెనక్కి తిప్పి, మూసిన చోటు తెరిచి, తీసిన చోటు మూసి మళ్ళీ తియ్యడం ఆనాటి పద్ధతి. ఎక్కడైనా చెయ్యి వణికిందా, ముందు తీసిందంతా పాడు. ఇవాళ్టి ఎడిటరు 'లేయరు', 'మాస్కు' అంటున్నది ఈ మూయడం తెరవడాన్నే. తేడా అల్లా, ఇప్పుడు తప్పు చేస్తే వెనక్కి వెళ్ళే మీట ఉంది.

ఎండెక్కాక జట్టు చాపరాయికి కదిలింది. పేరుకు తగ్గట్టే చాప పరిచినట్టున్న రాతి మీద గెడ్డ జారుతుంటుంది. ఫోటోలో ఆ నీళ్ళు పాలనురగలా, పట్టుగుడ్డలా రావాలని అందరి కోరిక. అలా రావాలంటే షట్టరు అర సెకనో, ఇంకా ఎక్కువో తెరిచి ఉండాలి. కట్టెలా బిగుసుకున్నా మనిషి అంతసేపు కదలకుండా ఉండలేడు. ఊపిరి తీస్తేనే భుజం చెరిగిపోతుంది. అందుకని రెండు ఫోటోలు. మొదట జంటను ఫ్లాష్ వేసి, నీటి బొట్లు గడ్డకట్టేంత వేగంగా తీస్తారు. తర్వాత జంటను పక్కకు పంపి, కెమెరా వెంట్రుకవాసి కదపకుండా, లెన్సుకు నల్లద్దం తొడిగి, ఒట్టి గెడ్డను తీస్తారు. ఈ ఖాళీ ఫోటోను ప్లేటు అంటారు. రెండూ తర్వాత కలుస్తాయి.

కెమెరా కదపకుండా అని రాయడం తేలిక. ట్రైపాడు నీళ్ళలో పెడితే ప్రవాహానికి సన్నగా వణుకుతుంది. పొడి రాయి వెతికి, కింద కొక్కేనికి బరువు సంచీ వేలాడదీశారు. రాతి మీద పాచి. కుర్రాడు చెప్పులు విప్పి, అమ్మాయి నిలబడే చోట ముందు తాను నిలబడి, మడమతో రుద్ది చూసి, "ఇక్కడ పరవాలేదక్కా" అని చేయి అందించాడు. ఇంతలో పర్యాటకుల బస్సు ఆగింది. నిమిషంలో గెడ్డ నిండా జనం. ఫోటోగ్రాఫరు తిట్టుకోలేదు. ట్రైపాడు అక్కడే ఉంచి, ఆగి ఆగి పది ఫోటోలు తీశాడు. ఒక ఫోటోలో మనిషి ఉన్న చోట ఇంకో దాంట్లో నీళ్ళుంటాయి కదా. అన్నిటినీ కలిపితే ఎవరూ లేని చాపరాయి వస్తుంది. అంత ఖాళీ చాపరాయిని నేను ఏ ఆదివారమూ చూడలేదు.

అక్కడే గిరిజన వేషానికి బట్టలు అద్దెకిచ్చేవాళ్ళున్నారు. మోకాళ్ళ కింది దాకా చీర, భుజం మీద ముడి, మెడలో పూసలు. సుమారు ఓ పావుగంటలో విజయవాడ అమ్మాయి థింసా నాట్యమాడే అమ్మాయి అవుతుంది. ఆ ముడి వెయ్యడం చేతనైనది స్థానిక ఆడవాళ్ళకే. వేసి, కొంగు సర్ది, వాళ్ళు పక్కకు తప్పుకుంటారు. ముచ్చటపడి కట్టుకునేవాళ్ళను తప్పుపట్టను. పరాయి ఊరి చీర కట్టి చూసుకోవడం మనకు కొత్త కాదు. నాకు ముల్లులా గుచ్చుకునేది ఇంకొకటి. వెనక వరుసలో నిలబడమని పిలిచిన థింసా ఆడవాళ్ళలో ఒకామెతో, "అమ్మా, ఆ వాచీ తీసెయ్యండి, ఒరిజినల్‌గా ఉండదు" అన్నారు. ఆమె నవ్వి తీసి జాకెట్టులో దోపుకుంది.

ఈ 'ఒరిజినల్' పిచ్చికి వయసెక్కువే. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. ఖోండులు, పొరజలు, బగతలు అందులో ఉన్నారు. ఆయన మనుషుల ముక్కులూ తలలూ కొలిచి రాసుకున్న మనిషి. ఆ కాలపు ఫోటోల్లో కొండ మనిషి ఎలా నిలబడాలో కెమెరా పట్టినవాడే తేల్చేవాడు. అమెరికాలో ఎడ్వర్డ్ కర్టిస్ 1910లో అక్కడి ఆదివాసుల గుడారంలో ఇద్దరిని తీశాడు. వాళ్ళ మధ్య ఒక గడియారం ఉంది. అచ్చువేసేటప్పుడు దాన్ని చెరిపించాడు. వాచీ జాకెట్టులోకి వెళ్ళడం చూసినప్పుడు నాకు ఆ గడియారమే మెదిలింది. బెంగళూరు కళాకారిణి ఎన్. పుష్పమాల 2000 నుంచి 2004 దాకా ఫోటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి ఇటువంటి కొలతల ఫోటోల్లో తానే నిలబడి మళ్ళీ తీయించుకుంది. ఆ వెక్కిరింత అరకు వచ్చే ప్రతి ఫోటోగ్రాఫరూ చూడాల్సిందే.

రెండో అంకం విశాఖలో, ఏసీ గదిలో. ఎడిటరు డుంబ్రిగుడ చూసినవాడు కాదు. అతని ముందు ఫోటోలు వందల్లో ఉంటాయి. అందులో ఆల్బమ్‌కు ఎక్కేవి కొన్ని, మొదటి పేజీ నిండా పరిచేది ఒకటి. ఆ ఒక్కదానికి ఒక రోజు పడుతుంది. గౌను తోక పదకొండో షాటులోది, అమ్మాయి ముఖం పద్నాలుగోది, పెళ్ళికొడుకు నవ్వు ఆరోది. మూడూ అతకాలి. వలిసె పసుపు మహా మొండిది. కెమెరాకు పసుపంటే ఎరుపూ ఆకుపచ్చా కలిసి పొంగడం. కాస్త వెలుగు ఎక్కువైతే రేకులన్నీ కలిసిపోయి పసుపు ముద్ద అవుతుంది. తెలిసినవాడు ముందే వెలుగు తగ్గించి తీస్తాడు. ఆ పసుపు పైకి కొట్టి అమ్మాయి గడ్డం కింద కూడా పడుతుంది, పెళ్ళికి ముందే నలుగు పెట్టినట్టు. దాన్ని చర్మం మీద నుంచి తీసి పూల మీద ఉంచాలి. మంచును తేటపరిచే మీట ఒకటుంది. దాన్ని కాస్త ఎక్కువ జరిపితే, చలిలో వణికి సంపాదించిన మంచంతా పోయి కొండలు అట్టముక్కల్లా మిగులుతాయి. చాలామంది జరుపుతారు. ఆకాశం బాగాలేదని వేరే ఊరి ఆకాశం అతికించేవాళ్ళూ ఉన్నారు. ఎండ ఎడమ నుంచి వస్తూ నీడ కూడా ఎడమకే పడిన ఆల్బమ్ ఒకటి చూశాను. పెళ్ళివారెవరూ గమనించలేదట.

ఫోటోషాప్ 1990లో వచ్చింది. 2023లో అందులో, మాట టైపు చేస్తే బొమ్మ పూరించే సదుపాయం చేరింది. "అంత దూరం ఎందుకు, వలిసె చేను కంప్యూటర్లోనే వేసెయ్యొచ్చుగా?" అని అడిగే కస్టమర్లు మొదలయ్యారట. వెయ్యొచ్చు. పళ్ళు టకటకలాడవు, పాచి జారదు, రైతుకు ఇవ్వాల్సింది ఉండదు. "కానీ సార్," అన్నాడు ఎడిటరు మౌసు వదలకుండా, "చలికి ఆవిడ ముక్కు ఎర్రగా అయింది చూడండి. ఆ ముక్కు నేను వెయ్యలేను." వాళ్ళడిగితే ఆ ఎరుపు కూడా తీసేస్తావు కదా అన్నాను. తీసేస్తానన్నాడు.

నేను లేచేసరికి అతను ఫోటోను నాలుగింతలు పెద్దది చేసి అంచులు వెతుకుతున్నాడు. కుర్రాడి మోచెయ్యి దొరికింది, దాని మీద పూలు పరిచాడు. రిఫ్లెక్టరు మూల దొరికింది, అక్కడ మంచు పూశాడు. ఇంకా పక్కకు జరిపితే, గట్టు మీద దుప్పటి కప్పుకున్న ఒక ఆకారం.

"ఇదేంటి సార్, రాయా?"

"కాదు. చేను ఆయనది."

"ఓ," అని కాసేపు చూశాడు. తర్వాత పక్కనే ఉన్న ఒక వలిసె గుత్తిని తీసి అక్కడ నాటాడు. చేలో ఆయన కాపాడుకోలేకపోయిన మొక్కల కంటే ఆ గుత్తిలోవి ఎక్కువే ఉన్నాయి.